రెండు మానిటర్లకు నా చెయ్యి లేవలేదు

నాకు కోపం ముక్కు మీద ఉంటుందని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. అబద్ధం. నా కోపం గొంతులో ఉంటుంది, మాటతో పాటే బయటికొస్తుంది. దానివల్ల ఎన్నిసార్లు చిక్కుల్లో పడ్డానో నాకే గుర్తు లేదు. కానీ ఒక్కసారి మాత్రం అదే నా ఉద్యోగాన్ని కాపాడింది. పదహారేళ్లుగా ఎవరికీ చెప్పకుండా దాచుకున్న సంగతిని నలభై మంది ముందు నా చేత కక్కించింది. ఆ కథ చెప్పాలంటే ముందు కంప్యూటర్ మానిటర్ల గురించి చెప్పాలి. నవ్వకండి, అవి లేకపోతే కథే లేదు.

మాది బోరబండ. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అమ్మ ఒక చిన్న ప్రైవేటు దవాఖానలో నర్సు. డిగ్రీ అయ్యాక మాదాపూర్‌లో ఒక అద్దాల బిల్డింగు ఐదో అంతస్తులో నాకు ఉద్యోగం దొరికింది, కాంట్రాక్టు మీద. మెడలో ఐడీ కార్డు వేసుకుని మొదటి రోజు ఇంటికొస్తే, అమ్మ ఆ కార్డును చర్చికి తీసుకెళ్లి అందరికీ చూపించింది. వద్దమ్మా అన్నా వినలేదు.

పని వినడానికి తేలిక. అమెరికా ఆసుపత్రుల నుంచి డాక్టర్లు చేత్తో రాసిన కాగితాలు స్కాన్ అయి వస్తాయి. ఏ రోగికి ఏం చేశారు, ఏ మందు ఇచ్చారు అని వరుస వరుసగా ఉంటుంది. వాటిని చదువుతూ ఫారంలో ఎక్కించాలి. మూడో వరుసలో ఉన్నది నాలుగో వరుసలో పడిందంటే, మోకాలికి చేసిన ఆపరేషన్ మోచేతికి చేసినట్టవుతుంది. అక్కడ ఎవరో పెద్దాయనకు బీమా రాదు, ఇక్కడ మనకు అక్షింతలు పడతాయి.

మా దగ్గర అప్పటిదాకా వెనకాల పెద్ద మూపురం ఉన్న పాత మానిటర్లుండేవి. ఒక మీట నొక్కితే కాగితం, ఇంకోసారి నొక్కితే ఫారం. చూసుకోవడం, గుర్తుపెట్టుకోవడం, ఎక్కించడం. అలా చేసినన్నాళ్లూ నా పనికి వంక పెట్టినవాళ్లు లేరు. అప్పుడొచ్చింది పైనుంచి కబురు: పాతవి తీసేస్తున్నాం, కొత్తవి కొంటున్నాం, అయితే బల్లకు ఒక పెద్ద మానిటరా, రెండు చిన్న మానిటర్లా అన్నది మీరే తేల్చుకోండి, ఏదైనా సరే ఫ్లోరంతా ఒకేలా ఉండాలి. ఒక నెల ప్రయోగంగా కొన్ని బల్లల మీద ఇరవై నాలుగు అంగుళాలది ఒక్కటి పెట్టారు. కొన్నిటి మీద పదిహేడు అంగుళాలవి రెండేసి పెట్టారు.

కబురు మంచిదే, వచ్చిన సమయమే బాగాలేదు. సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. బస్సులు లేవు. బంద్ అంటే క్యాబులూ రావు, ఆ రోజు పనిని శనివారం వచ్చి పూర్తిచేయాలి. ఫ్లోర్‌లో సగం మంది తెలంగాణ వాళ్లం, సగం మంది కోస్తా వాళ్లు. ఒకే టిఫిన్ డబ్బాలో చేతులు పెట్టి తిన్నవాళ్లం, వేరువేరు బల్లల దగ్గర కూర్చోవడం మొదలుపెట్టాం. క్యాంటీన్‌లో ఎవరైనా "రెండు" అంటే ఒక బల్ల నవ్వేది, "ఒక్కటి చాలు" అంటే ఇంకో బల్ల నవ్వేది. అలాంటి చోటికొచ్చి పెద్దది ఒకటి కావాలా, చిన్నవి రెండు కావాలా అని అడిగితే ఏమవుతుంది?

అదే అయింది. వారం తిరక్కుండా మానిటర్లకు రాష్ట్రాలు పుట్టాయి. రెండు కావాలన్నవాడు తెలంగాణ, ఒకటి చాలన్నవాడు సమైక్యాంధ్ర. కళ్లకు ఏది హాయిగా ఉంది, పనికి ఏది సాయంగా ఉంది అని ఆలోచించిన పుణ్యాత్ముడు ఒక్కడు లేడు.

మా వైపు పెద్ద మనిషి నా పక్క బల్ల అన్న. సిద్దిపేట వైపు నుంచి వచ్చి గోపన్‌పల్లిలో కిరాయికుండేవాడు. నన్ను చెల్లె అనే పిలిచేవాడు. ధర్నా ఎక్కడుంటే అక్కడ ఉండేవాడు, మర్నాడు గొంతు పోయి సైగలతో మాట్లాడేవాడు. చిత్రమేమిటంటే ప్రయోగంలో ఆయన బల్ల మీదికి పెద్ద మానిటర్ వచ్చింది. రోజూ పొద్దున దాన్ని రుమాలుతో తుడుచుకునేవాడు. అయినా, "రెండుంటెనే మంచిదే చెల్లె. దేని పని దానిదే. గీ ఒక్కదాంట్ల అన్నీ కలిపి పెడితే ఆగమాగం" అనేవాడు, ఆ ఒక్కదాంట్లో అన్నీ కలిపి పెట్టుకుని హాయిగా పనిచేసుకుంటూనే.

అటువైపు పెద్ద మనిషి మా టీమ్ లీడర్. భీమవరం పక్కనుంచి వచ్చి మదీనాగూడలో స్థిరపడ్డారు. నెమ్మదస్తుడు. చీవాట్లు కూడా అండీ పెట్టే వేస్తారు. "ఒకటే ఉంటే నడుమ అడ్డం ఉండదు కదండీ, అంతా కలిసి ఉంటుంది" అనేవారు. ఆయన బల్ల మీద మాత్రం మొదట్నుంచీ రెండు మానిటర్లుండేవి, లీడర్లకు అలా ఇచ్చేవారు. దాన్ని ఎవరైనా ఎత్తిచూపితే, "అవి కంపెనీ పెట్టినవండీ, నేనడిగానా?" అనేవారు.

నా బల్ల మీద రెండు చిన్నవి పెట్టారు. అన్న భుజం తట్టాడు. "మన తెలంగాణ నీ బల్ల మీదికే వచ్చింది చూడు." నేనూ నవ్వాను. నాకూ తెలంగాణ రావాలనే ఉంది. ఊరేగింపుల్లో నడిచాను, నినాదాలిచ్చి గొంతు పోగొట్టుకున్నాను. కానీ నాలుగు రోజులు తిరిగేసరికి నా నవ్వు ఎగిరిపోయింది.

ఎందుకంటే నాకు ఎడమ కన్ను కనిపించదు.

ఎనిమిదేళ్లప్పుడు గల్లీలో పిల్లలు చిర్రగోనె, అదే బిళ్లంగోడు, ఆడుతుంటే, ఎగిరొచ్చిన చెక్కముక్క కంటికి తగిలింది. కన్ను పైకి మామూలుగానే ఉంటుంది, చూపే లేదు. "ఎవ్వరికీ చెప్పకు బిడ్డా, పెళ్లికి అడ్డం, నౌకరికి అడ్డం" అంది అమ్మ. తల ఏ మాత్రం వంచి కూర్చుంటే ఎదుటివాళ్లకు అనుమానం రాదో నాకు నేర్పింది. ఉద్యోగానికి ముందు కంపెనీ డాక్టరు దగ్గర కంటి పరీక్ష ఉంటుందని తెలిసి, తన దవాఖానలో గోడకున్న అక్షరాల పట్టీని కాగితం మీద రాసుకొచ్చింది. రెండు రోజులు కూర్చోబెట్టి నాచేత వల్లె వేయించింది. అన్ని చోట్లా అదే పట్టీ ఉంటుందట. నిజంగానే అదే ఉంది. డాక్టరు గారు కుడి కన్ను మూయించి చదవమన్నారు. నేను పై నుంచి కింది దాకా గడగడా అప్పజెప్పేశాను, ఎవరికీ కనిపించని చిట్టచివరి చీమ తలకాయంత వరుసతో సహా. "ఎడమ కన్ను కుడిదానికన్నా బాగుందే!" అన్నారాయన. కాగితం మీద అదే రాశారు. ఇంటికొచ్చి చెబితే అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది, తర్వాత ప్రార్థన చేసి క్షమించమని అడిగింది.

ఆ పరీక్షలో నెగ్గినదాన్ని రెండు మానిటర్ల దగ్గర దొరికిపోయాను. ఎడమవైపు మానిటర్లో కాగితం, కుడివైపుదాంట్లో ఫారం. ఆ ఎడమవైపుది నాకు లేనట్టే. ప్రతి వరుసకీ తల మొత్తం తిప్పి చూడాలి, మళ్లీ ఇటు తిప్పాలి. తిప్పేలోపు ఏ వరుసలో ఉన్నానో జారిపోయేది. అటుదిటు మార్చినా అంతే, ఫారం కనిపించదు. పోనీ ఒక్కదాన్నే వాడుకుందామా అంటే, ఆ చిన్నదాంట్లో డాక్టరు చేతిరాత వెడల్పుగా పట్టదు. కుదించి పెడితే అక్షరానికీ చుక్కకీ తేడా తెలియదు. పాత పద్ధతిలో మీట నొక్కుతూ చేద్దామా అంటే, రెండుండగా ఒకటి చీకటి చేసుకుని కూర్చున్నావేమిటని అడుగుతారు. సాయంత్రానికి మెడ పట్టేసేది. వారం చివర తప్పుల పట్టిక వేస్తే అందులో నా పేరు అందరికన్నా పైన.

రెండో వారం కూడా అంతే. మూడో వారం మా టీమ్ లీడర్ సార్ నన్ను పక్కకు పిలిచారు.

"ఏమైందండీ మీకు? ఇంట్లో ఏమైనా ఇబ్బందా?"

"లేదు సార్."

"మీ పని నాకు తెలుసు కాబట్టి ఆగాను. ఈ నెలాఖరుకి కూడా ఇలాగే ఉంటే కాంట్రాక్టు పొడిగించమని నేను రాయలేనండి. పైవాళ్లు ఒప్పుకోరు."

కన్ను సంగతి చెబితే పరీక్షలో మోసం చేసినందుకు తీసేస్తారు. చెప్పకపోతే తప్పులకు తీసేస్తారు. ఎటు తిరిగినా ఇంటికే. అమ్మకు చెబితే, "నెల ఒడవంగనే ఇగ ఒక్కటే పెడతరేమో, జర ఓపిక పట్టు" అంది. నేనూ అదే ఆశతో ఉన్నాను. కానీ ఫ్లోర్‌లో రెండు కావాలనేవాళ్లే ఎక్కువని లెక్క తెలిసిపోతూనే ఉంది, ఆ ఎక్కువమంది నా వాళ్లే.

అప్పుడొక బంద్ వచ్చింది. రైళ్లు కూడా ఆపేశారు. మా గల్లీ అంతా రోడ్డు మీదే ఉంది, నేనూ ఉండాల్సింది. నెలాఖరు కళ్ల ముందు కనిపిస్తుంటే కాలు నిలవలేదు. దొంగలా సందుల్లోంచి బయటపడి, బోరబండ స్టేషన్ పక్కనుంచి పట్టాల వెంట నడిచాను. హైటెక్ సిటీ స్టేషన్ దగ్గర రోడ్డెక్కి ఆఫీసు చేరేసరికి చెప్పు తెగింది. ఫ్లోర్‌లో ఏడెనిమిది మందే ఉన్నారు. సార్ తెల్లవారకముందే బండి మీద వచ్చేశారట.

అన్న ధర్నాలో ఉన్నాడు. ఆయన బల్ల ఖాళీ. పెద్ద మానిటర్ నల్లగా మెరుస్తూ కూర్చుంది. ఎంతసేపు చూశానో తెలియదు. చటుక్కున వెళ్లి ఆయన కుర్చీలో కూర్చుని నా పేరుతో తెరిచాను.

కాగితం, ఫారం పక్కపక్కన పెడితే మళ్లీ అదే గోల. అందుకని తెరను అడ్డంగా విడగొట్టాను. పైన కాగితం, కింద ఫారం. తెర వెడల్పు కాబట్టి డాక్టరు రాత కొసదాకా పెద్ద పెద్ద అక్షరాలతో పట్టింది. చదవాల్సిన వరుసను అంచుకు జరిపితే, దాని కిందే నేను నింపాల్సిన గడి. తల తిప్పనక్కర్లేదు. చూపు పైకి, కిందికి, అంతే. మొదటి ఫైలు అయిపోయాక నమ్మలేక రెండుసార్లు సరిచూసుకున్నాను. ఒక్క తప్పు లేదు. పది ఫైళ్లు చేశాను, ఇరవై చేశాను. మెడ నొప్పి లేదు. బంద్ వల్ల క్యాంటీన్ కూడా మూసేశారు, ఆకలే తెలియలేదు. ఆ సంతోషం ఎవరితో చెప్పుకోవాలో తెలియక ఒక్కదాన్నే కుర్చీని గిర్రున ఒక చుట్టు తిప్పుకున్నాను. సార్ తలెత్తి చూసి, మళ్లీ దించేసుకున్నారు.

ఆ ఒక్క రోజు మాత్రమే. మర్నాడు అన్న వచ్చాడు, రుమాలుతో తుడుచుకున్నాడు. నేను నా రెండు మానిటర్ల ముందు తల తిప్పుకుంటూ కూర్చున్నాను.

ప్రయోగం నెల ముగిశాక, నా గడువుకు ఇంకా కొద్దిరోజులుండగా, ఒక మధ్యాహ్నం అందరినీ నిలబెట్టి సార్ చేతులెత్తమన్నారు. గొడవలు వద్దు, ఎక్కువమంది ఏదంటే అదే ఆర్డరు అన్నారు. ముందు రెండు చిన్నవి కావాలన్నవాళ్లు.

మా వాళ్ల చేతులు టపటపా లేచాయి. అన్న రెండు చేతులూ ఎత్తితే సార్, "ఒక్కటి చాలండీ" అన్నారు, అటువాళ్లు నవ్వారు. అన్న నా వైపు చూశాడు. నా చెయ్యి లేవలేదు. మోచేత్తో పొడిచాడు. అయినా లేవలేదు.

"ఇప్పుడు పెద్దది ఒకటి అన్నవాళ్లు."

ఎత్తాను.

కోస్తా వైపు నుంచి చప్పట్లు. ఎవరో ఈల కూడా వేశారు. లెక్క వేస్తే రెండు కావాలన్నవాళ్లే నలుగురు ఎక్కువ. అయిపోయింది. సార్ బోర్డు మీద "రెండు" అని రాసి కింద గీత గీశారు. ఆ గీతతో పాటు నా ఉద్యోగమూ పోయిందని నాకు అర్థమైంది.

అన్న ముఖం చూడలేకపోయాను. "ఏంది చెల్లె, గిట్ల జేసినవ్? బంద్ నాడు గూడ నువ్వు పనికొచ్చినవని తెలిసింది. ఏమనలే. నౌకరి కోసం సార్ దిక్కు చెయ్యెత్తినవా? అమ్ముడువోయినవా?"

అంతే. గొంతులో ఉన్నది బయటికొచ్చేసింది.

"ఎవరికి అమ్ముడువోయిన? సార్ నన్ను నెలాఖరుకు తీసేస్తా అన్నడు, ఆయనకు అమ్ముడువోయిన్నా? తెలంగాణ రావాల్నని నీకెంతుందో నాకంతుంది. ఇది తెలంగాణ కాదన్నా, కంప్యూటర్! ఇది చూడనీకె కావాలి! నాకు ఎడమ కన్ను కనవడదు!"

నలభై తలలు నా వైపు తిరిగాయి.

నేను అక్కడితో ఆగలేదు. కోస్తావాళ్ల వైపు తిరిగాను. "మీరు చప్పట్లెందుకు కొట్టిండ్రు? నేనేమన్న మీ దిక్కొచ్చిన్నా? ఒక్కరన్న మీ కళ్లను అడిగి చెయ్యెత్తిండ్రా?" తర్వాత అన్న వైపు తిరిగి, "రోజూ ఆ పెద్దదాన్ని తుడుచుకునేటోనివి, నువ్వు రెండు కావాల్నని చెయ్యెత్తుతవ్!" అన్నాను. చివరికి సార్ వైపు. "మీరు రెండు పెట్టుకుని ఒక్కటి చాలంటరు!"

సార్ ముఖంలో రంగులు మారాయి. కానీ ఆయన గొంతు పెంచే మనిషి కాదు. "మెడికల్‌లో పాసయ్యారు కదండీ?" అన్నారు.

దాచి లాభం లేదు. చెప్పేశాను. అక్షరాల పట్టీ వల్లె వేసింది, చీమ తలకాయంత వరుస చదివింది, డాక్టరు గారు మెచ్చుకున్నది. వెనకనుంచి ఎవరో ఫక్కున నవ్వారు. ఆ నవ్వు ఇటుదో అటుదో తెలియలేదు, తర్వాత అందరూ నవ్వారు. సార్ మీసం కింద కూడా ఏదో కదిలింది. వెంటనే సర్దుకున్నారు.

"నవ్వుకి నవ్వే గానీ, ఇది పైకి చెప్పక తప్పదండి."

"చెప్పండి సార్. కానీ చెప్పేముందు ఒక్కరోజు ఇవ్వండి. అందరిలోకీ మీదే మంచి పని అని పేరు కదా. రేపు మీ రెండు మానిటర్లతో మీరు కూర్చోండి. నేను పెద్దదానితో కూర్చుంటాను. ఇద్దరికీ అవే ఫైళ్లు. ఎవరివి ఎన్ని తప్పులో చూసి, తర్వాత పైకి వెళ్లి ఏం చెబుతారో చెప్పండి."

ఆ మాట నా నోట్లోంచే వచ్చిందా అని నాకే అనుమానం వేసింది. సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "సరేనండి" అన్నారు.

ఇంటికెళ్లేసరికి అమ్మ డ్యూటీ నుంచి వచ్చి చాయ్ తాగుతోంది. చెప్పాను. గ్లాసు కింద పెట్టేసింది.

"అందరి ముంగట చెప్పినవా? పదహారేండ్లు కడుపుల దాచుకుంటి గదనే!"

"ఇంక దాస్తే నౌకరే పోతది అమ్మా."

"చెప్తే పోదా?"

పొద్దున నేను బయల్దేరుతుంటే అమ్మ నా నెత్తి మీద చెయ్యి పెట్టి, "ప్రభువా, దీని కోపానికి ఇయాల జర పని జెప్పు" అని ప్రార్థించింది. అలాంటి ప్రార్థన ఏ చర్చిలోనూ విని ఉండరు.

ఆఫీసుకెళ్లి చూస్తే పెద్ద మానిటర్ నా బల్ల మీద ఉంది. అన్నే మోసుకొచ్చి పెట్టాడు, తీగలు కూడా తనే బిగించాడు. నా వైపు చూడకుండా, "తుడిచిన" అని మాత్రం అన్నాడు. ఇద్దరి పని సరిచూడడానికి కూడా అన్నే కూర్చోవాలన్నారు అందరూ. నన్ను చెల్లె అని పిలిచినా ఆయన అబద్ధం ఆడడని కోస్తావాళ్లే అన్నారు.

నలభై ఫైళ్లు. అందులో సగం, ఎవరికీ అర్థం కాని చేతిరాత ఉన్న ఒక డాక్టరువి. ఆ ఫైలు వస్తే అందరూ నీళ్లు తాగే నెపంతో లేచిపోయేవారు. సార్ చొక్కా చేతులు మడిచి కూర్చున్నారు. ఆయన వేళ్లు మీటల మీద పరిగెత్తాయి. నేను పరిగెత్తలేదు. వరుసను అంచుకు జరపడం, చదవడం, దాని కిందే నింపడం. పైకి, కిందికి. చుట్టూ ఎవరున్నారో చూడలేదు.

భోజనాల వేళకు ముందే సార్ లేచారు. ఆయన ముగించేశారు. ఒకవైపు చప్పట్లు. నాకు ఇంకా ఆరు ఫైళ్లున్నాయి. తొందరపడితే చచ్చాను అనుకుని, ఇంకా నెమ్మదిగా చేశాను. చివరిదాన్ని మూసేసరికి అందరూ తినేసి వచ్చేశారు.

అన్న మధ్యాహ్నమంతా సరిచూశాడు. ముందు సార్‌వి. ఒక చోట ఆగాడు, కాగితం మీద గీటు పెట్టాడు. ఇంకోచోట. మొత్తం మూడు. తర్వాత నావి తెరిచాడు. ఎక్కడా ఆగలేదు. నలభయ్యోది అయ్యాక మళ్లీ మొదటి నుంచి చూశాడు. లేచి నిలబడ్డాడు.

"సార్‌వి మూడు. చెల్లెది ఒక్కటి లేదు." గొంతు బొంగురుపోయింది. ఈసారి ధర్నా వల్ల కాదు.

సార్ వచ్చి తన తప్పుల్ని ఒక్కొక్కటే చూసుకున్నారు. "ఇది చూశారాండీ, ఈ తెర నుంచి ఆ తెరకు వెళ్లేలోపు ఒక వరుస జారిపోయింది. నా పొరపాటే" అన్నారు. ఎవరూ అడగకుండానే బోర్డు దగ్గరికి వెళ్లి, నిన్న రాసిన "రెండు"ని చేత్తో చెరిపేశారు. నా పేరు రాసి, దాని ఎదురుగా పెద్ద సున్నా చుట్టారు. బడిలో సున్నా వస్తే దెబ్బలు తిన్నాను గానీ, ఆ సున్నాను చూసి నిజంగా పొంగిపోయాను. ఇటూ అటూ అని లేకుండా ఫ్లోరంతా చప్పట్లు కొట్టింది. ఈసారి నేను వద్దనలేదు. కొట్టనివ్వండి, కష్టపడ్డాను.

సార్ ఆ కాగితాలు పట్టుకుని పైకి వెళ్లారు. అరగంట రాలేదు. ఆ అరగంటలో అన్న నాకు మూడు చాయ్‌లు తెచ్చాడు, మూడూ చల్లారిపోయాయి. వచ్చాక సార్ నా బల్ల దగ్గరే నిలబడి చెప్పారు. "చీవాట్లు పడ్డాయండి, మీకూ నాకూ. డాక్టరు గారి చేత మీ కంటి కాగితం మళ్లీ రాయిస్తారట, ఈసారి ఉన్నది ఉన్నట్టు. ఉద్యోగం ఎక్కడికీ పోదు. పొడిగించమని నేనే రాసిచ్చాను."

నేను థాంక్స్ చెప్పానో లేదో గుర్తు లేదు. బయటికి పరిగెత్తి అమ్మకు ఫోన్ చేశాను. అవతల అమ్మ ముక్కు చీదింది. తర్వాత, "నేను పేషెంటు దగ్గరున్న, పెట్టేయ్" అంది.

ఫ్లోరంతా ఒకేలా ఉండాలన్న రూలు కూడా ఆ కాగితాలతోనే పోయింది. ఎవరికి కావలసింది వాళ్లు రాసివ్వమన్నారు. చీటీలు మడిచి ఇవ్వడం వల్లనేమో, అందరూ మొదటిసారి తమ కళ్ల మాట విన్నారు. అన్న పెద్దది రాశాడు, నాకు తప్ప ఎవరికీ చూపించలేదు. సమైక్యం అని గొంతు చించుకున్నవాళ్లలో సగం మంది రెండు రాసిచ్చారు. సార్ తన రెండూ తనకే ఉంచుకున్నారు. క్యాంటీన్‌లో బల్లలు మాత్రం ఇంకా కొన్నాళ్లు వేరుగానే ఉన్నాయి, తెలంగాణ వచ్చేదాకా వాదనలు సాగుతూనే ఉన్నాయి. కానీ మానిటర్ల పేరు మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

కొత్తవి వచ్చి బల్లలు సర్దుకున్న వారంలోనే నేనొకటి గమనించాను. అంతకుముందు నా ఎడమ పక్కనుంచి ఎవరైనా హఠాత్తుగా వస్తే నేను ఉలిక్కిపడి కసురుకునేదాన్ని. ఆ పిల్లకు పొగరని అందరూ అనుకునేవారు, అదే మేలని నేనూ ఊరుకునేదాన్ని. ఆ రోజు ఫైలు మధ్యలో ఉండగా ఎడమ నుంచి నేల మీద చెప్పులు గట్టిగా చప్పుడు చేస్తూ వచ్చాయి. "చెల్లె, ఎడమ దిక్కు నుంచి వస్తున్న!" అని అన్న అరిచాడు, రైలు ప్రకటనలా. కాసేపటికి ఇంకో గొంతు, నెమ్మదిగా, "ఎడమవైపు నుంచండీ" అంది. చూడకుండానే తెలిసింది, సార్. సాయంత్రంలోపు ఎంతమంది అలా చెప్పి వచ్చారో, తెలంగాణ యాసలో, గోదావరి యాసలో, ఒకమ్మాయి ఇంగ్లీషులో.

పదహారేళ్లు తల వంచి దాచుకున్న కన్ను. ఇప్పుడు దాని అనుమతి అడిగి వస్తున్నారు. కళ్లు రెండూ నిండాయి, కనిపించేదీ కనిపించనిదీ. తల నిటారుగా పెట్టుకుని, "రండి, రండి" అంటూ చేతిలోని వరుస పూర్తి చేశాను.